ఎవరి కోసం ఆ పులుపు

"ఇంక ఎవలు?" అని భద్రమ్మ మూడోసారి అడిగింది.

గేటు దగ్గరికి తనే కుర్చీ లాక్కుని కూర్చుందామె. ముక్కుకీ నోటికీ పచ్చగుడ్డ కట్టుకుంది. ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం. పదేళ్లుగా ఈ గల్లీలో పిల్లలకు సూదులు వేస్తున్న నర్సమ్మ. ఎప్పుడొచ్చినా నేరుగా వంటింట్లోకి వచ్చి చాయ్ అడిగే మనిషి. ఈ రోజు గడప ఎక్కలేదు.

కాగితం మీద అందరికన్నా పైన ఉమర్ పేరు విడిగా ఉంది. దాని కింద నాలుగు పేర్లు. తండ్రి బాబామియా, తల్లి గుల్షన్ బేగం, తమ్ముడు జీషాన్, భార్య రుఖయ్యా.

ఆదివారం ఊపిరి ఆడక వరంగల్ దవాఖానకు తీసుకుపోయిన ఉమర్‌కు వచ్చింది మామూలు జ్వరం కాదని, స్వైన్ ఫ్లూ అని ఈ పొద్దున తేలింది. వారం రోజులుగా అతను ఎవరెవరి పక్కన కూర్చున్నాడో, ఎవరితో కలిసి తిన్నాడో, వాళ్లందరికీ ముందుగానే మాత్రలు మింగించాలి. పేరు రాసిన వాళ్లకే మాత్రలు. మాత్రలతో మరో జీపు రావలసింది, జనగామ దగ్గర రాస్తారోకోలో ఆగిపోయింది. రేపూ ఎల్లుండీ బంద్. ఉన్న ఒక్క జీపు సాయంత్రం నాలుగు గంటలకు వరంగల్ వెళ్లిపోతుంది. మిగిలిన మాత్రలూ దానితోనే పోతాయి. భద్రమ్మ ఇదంతా రెండుసార్లు చెప్పింది.

గుల్షన్ బేగం చెవికి అందులో ఒక్క ముక్కా ఎక్కలేదు.

"దాని పేరే నోట్ల తీసుకోని ఇల్లు మాది. మా ఇంటికి పంది బీమారి ఎట్లొస్తది భద్రమ్మా? జర సోచాయించు."

"పేరు గట్ల పెట్టిండ్రు అక్కా. తిండికెల్లి రాదు. మనిషి దగ్గితే మనిషికొస్తది."

"నువ్వు చెప్తవు. గల్లీల అందరికి చెప్తవా? నా కొడుకు బయట ఏం తిన్నడని అడుగుతరు."

రుఖయ్యా తలుపు వెనక నిలబడి వింటోంది. అత్తను భయపెడుతున్నది జబ్బు కాదు, జబ్బు పేరు. మామ భయం ఇంకొకటి. పోయిన వారం సెంటరులో పోలీసులు వదిలిన పొగవల్లే కొడుకు ఊపిరితిత్తులు చెడిపోయాయని బాబామియా నమ్మకం. ఇక రిలే దీక్షల శిబిరంలో ఉన్నవాళ్లు ఈ జబ్బే అబద్ధమనీ, తెలంగాణ అడిగే జనాన్ని గుంపు కూడనివ్వకుండా చేయడానికి పుట్టించిన పుకారనీ అంటున్నారట. ఎవరి భయం వాళ్లకు ఒక కారణాన్ని వెతికి పెట్టింది. తనకు ఇంకా ఏ కారణమూ దొరకలేదని రుఖయ్యా అనుకుంది.

భద్రమ్మ శిబిరం సంగతి ఎత్తింది. అక్కడి డేరా, జంపఖానాలు, కుర్చీలు అన్నీ బాబామియా టెంట్‌హౌస్‌వే. మొదటి రోజు నుంచీ ఉమర్ వాటిని ఉచితంగానే ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోకుండా పొద్దంతా అక్కడే ఉంటున్నాడు. ఆ సంగతి మానుకోటలో తెలియని వాళ్లు లేరు.

"టెంట్ ఏసిండు, ఇంటికొచ్చిండు. అంతే" అన్నాడు బాబామియా.

భద్రమ్మ కలం ఆడించలేదు. అతనే మళ్లీ అందుకున్నాడు. శిబిరం పేర్లు కాగితానికి ఎక్కితే, అదే సాకుగా రేపు డేరా పీకేస్తారని అన్నాడు. ఉద్యమంలోకి జబ్బును బాబామియా కొడుకు మోసుకొచ్చాడని ఊరు నాలుగు కాలాలు చెప్పుకుంటుందనీ, ఆ మాట పడటానికి ఈ ఇల్లే దొరికిందా అనీ అడిగాడు. అతను చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. 

భద్రమ్మ చూపు తలుపు వెనకకు మళ్లింది.

"నీకెర్కుంటది బిడ్డా. నాలుగింటి దాక నేను స్కూల్ కాడుంట. ముసలోళ్లు, కడుపుతోనున్నోళ్లు ఎవలన్న ఉంటే ముందు ఆళ్లను చెప్పు. ఆళ్లకు ఇది మంచిది కాదు."



*

పదకొండింటికి వరంగల్ నుంచి జీషాన్ ఫోన్ చేశాడు. అన్న మాట్లాడతానంటున్నాడు భాభీ, ఎక్కువ మాట్లాడించకు అని చెప్పి ఫోన్ అందించాడు.

రుఖయ్యా ఫోన్ పట్టుకుని వెనక గదిలోకి వెళ్లింది. నాలుగు రోజుల తర్వాత ఆ గొంతు వినబోతోంది. మొదటి మాట ఏమై ఉంటుందో ముందే తయారు చేసుకుంది. ఎట్లున్నవ్ అంటాడు. లేదా, అమ్మీ తింటున్నదా అంటాడు. దానికి తను ఏమనాలో కూడా సిద్ధంగా ఉంది.

అవతల చాలాసేపు ఊపిరి శబ్దమే వినిపించింది. తర్వాత ఉమర్ అన్నాడు.

"జమున పేరు రాయించినవా?"

రుఖయ్యా వినలేదేమో అని అతను మళ్లీ చెప్పాడు. ఈసారి ఇంకో మాట కలిపి చెప్పాడు.

"ఆమెకు మూడో నెల, రుఖయ్యా. ఎవ్వలకు ఎర్క లేదు. భద్రమ్మకు మెల్లగ చెప్పు."

ఆ తర్వాత దగ్గు. దగ్గు ఆగకముందే జీషాన్ ఫోన్ తీసుకున్నాడు. డాక్టర్ కోప్పడుతున్నాడనీ, పొద్దుగూకినంక చేస్తాననీ అన్నాడు.

రుఖయ్యా మంచం అంచున కూర్చుంది.

జమునను తను రెండుసార్లు చూసింది. కురవి రోడ్డులోని తండా పిల్ల. ఊళ్లో ప్రైవేటు స్కూల్లో పంతులమ్మ. బంద్‌ల వల్ల స్కూలు నడవక, రోజూ శిబిరానికి వచ్చి పాట అందుకుంటుంది. భర్త మహేశ్ భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు పని చేస్తాడు, పదిహేను రోజులకోసారి వస్తాడు. వంటావార్పు అంటూ ఉద్యమంవాళ్లు రోడ్డు మీదే వండుకుని తిన్న రోజున గల్లీ ఆడవాళ్లతో కలిసి రుఖయ్యా కూడా వెళ్లింది. జమున పాట పాడుతూ చున్నీ కొసతో మెడ తుడుచుకుంది. అంత చిన్న విషయం తనకు ఎందుకు గుర్తుండిపోయిందో అప్పుడు అర్థం కాలేదు.

అప్పటికి తనకు శిబిరం మీద కోపం ఉండేది. పొద్దుటి నుంచి చీకటి దాకా మనిషిని మింగేసే ఆ డేరా మీద. మనిషి కాని దాని మీద ఉన్న కోపం కాబట్టి, అది కోపమేననుకుని తేలికగా మోసింది. ఇప్పుడు దానికి ఒక ముఖం వచ్చింది, ఒక మెడ వచ్చింది.

మూడో నెల. ఆ రెండు మాటలూ లోపల ఎక్కడో ఇరుక్కుని కదలడం లేదు.

పోయిన రంజాన్‌కు ముందు తనకు రక్తం పోతుంటే ఉమర్ ఇదే మానుకోట దవాఖానకు ఆటోలో తీసుకెళ్లాడు. ఎన్నో నెల అని అక్కడి నర్సు అతన్ని అడిగింది. అతను తన వైపు తిరిగాడు. జవాబు కోసం తిరిగాడు. పళ్లు బిగపట్టుకుని తనే చెప్పింది, మూడు అని. కడుపు పోయి ఇంటికి వచ్చాక అతను ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. మగవాళ్లకు నెలల లెక్క ఉండదని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు మీదే ఈ నాలుగైదు నెలల కాపురం నిలిచింది.

అతనికి లెక్క తెలుసు. ఊపిరి అందని గొంతుతో కూడా తప్పులేకుండా చెప్పగలడు.

*

వంటింట్లో నీళ్ల బిందె ఎత్తబోతుంటే గుల్షన్ బేగం వచ్చి చేతిలోంచి లాక్కుంది. "నువ్వు లేపకు" అంది.

ఈ మాట రుఖయ్యాకు కొత్త కాదు. రెండు వారాలుగా అత్త ఇలాగే ఉంది. బరువు ఎత్తనివ్వదు. మాపటికి గ్లాసెడు పాలు కాచి తెచ్చి ఎదురుగా నిలబడి తాగిస్తుంది. శుక్రవారం తలకు నూనె పెట్టి దువ్వింది. పెళ్లయిన ఆరేళ్లలో మొదటిసారి. దువ్వుతుంటే రుఖయ్యాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నూనె మండిందని చెప్పింది. ఈ ఇంట్లో తను ఎట్టకేలకు ఒక మనిషి అయినందుకు రోజూ లోలోపల మురిసిపోతోంది.

"ఎందుకు అమ్మీ? నా చేతులకేమైంది?"

గుల్షన్ బేగం బిందెను గట్టు మీద పెట్టింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొడుకు దవాఖానలో ఉండగా దాచిపెట్టుకునే ఓపిక ఎవరికి ఉంటుంది?

"నువ్వే చెప్తవని సూస్తున్న. ఇంక ఎన్ని దినాలు సూడాలె? పదిహేను దినాల కింద ఉమర్ నన్నడిగిండు. కడుపుతోనున్నోళ్లకు వాంతులు తగ్గాలంటే ఏం పెట్టాలె అమ్మీ అని. ఖట్టీ దాల్ పెట్టుమన్న, అంబాడా పెట్టుమన్న. సిగ్గుపడి నీ పేరు తియ్యలే అనుకున్న."

కిటికీలోంచి పడే ఎండకు కాగిన గట్టు మీద రెండు నీటిచుక్కలు ఆరిపోతున్నాయి. రుఖయ్యా వాటినే చూస్తూ ఉండిపోయింది.

ఖట్టీ దాల్, చింతపండు పప్పు. అంబాడా, గోంగూర. నిమ్మకాయ అచార్ రెండు ముక్కలు ఎక్కువ పెట్టు. ఈమధ్య ఉమర్ రోజూ పొద్దున్నే అడుగుతున్నాడు. పులుపంటే ముఖం ముడుచుకునే మనిషి పులుపు అడుగుతుంటే, శిబిరంలో ఎండకు నోరు చప్పబడిందేమో అనుకుంది. టిఫిన్ డబ్బా తుడిచినట్టు ఖాళీగా తిరిగొచ్చేది. నీ చేతి దాల్ అందరి లెక్క ఉండదు అన్నాడు ఒకరోజు. ఆ రోజు నుంచి ఆమె ఇంకా ముందు లేచి, చింతపండు ఎక్కువ నానబెట్టి, పోపు రెండుసార్లు వేసింది.

ఆ మెచ్చుకోలు ఎవరి నోటిదో ఇప్పుడు తెలిసింది. తను తెల్లవారుజామున లేచి జమునకు వండిపెట్టింది. జమున నాలుక మీది రుచి తన మొగుడి నోటి గుండా వచ్చి తనను పొగిడింది.

అక్కడితో ఆగినా బాగుండేది. పాలు జమునవి. తలకు పెట్టిన నూనె జమునది. బిందె ఎత్తొద్దన్న మాట జమునది. రెండు వారాలుగా తను తాగిందీ, మురిసిందీ అంతా ఒక ఇంటికి రావలసింది ఇంకో ఇంట్లో ఇచ్చి వెళ్లినట్టు తన దగ్గరికి వచ్చిపడింది. తన దగ్గర జమున ఏమీ లాక్కోలేదు. జమునది తనే తిన్నది. అసూయపడటానికి ఆమాత్రం న్యాయం కూడా తనకు మిగల్లేదు.

"నాకేం లేదు, అమ్మీ" అంది రుఖయ్యా.

గుల్షన్ బేగం ముఖం మెల్లగా వాడిపోయింది. కోడలి పొట్ట వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. ఆ చూపు తిప్పుకోవడాన్ని రుఖయ్యా చాలా కాలం మరిచిపోదు.

"మరి ఎవల కోసం అడిగిండు?"

నిజం నోటి చివర ఉంది. చెబితే అత్త ఏడుస్తుంది, తిడుతుంది, బహుశా తన పక్షాన నిలబడుతుంది. కానీ ఆ దెబ్బను ఇంకొకరితో పంచుకోవడం కూడా రుఖయ్యాకు ఇష్టం లేకపోయింది. ఉమర్‌కు సంబంధించి తనకు మాత్రమే తెలిసినది ఇంతకాలానికి ఒకటి దొరికింది.

"దోస్తు భార్యకయి ఉంటది. నాకు పాలు కాచకుండ్రి ఇంక."

అత్త బిందె అక్కడే వదిలి వెళ్లిపోయింది. రుఖయ్యా దాన్ని ఎత్తి, నడుమున పెట్టుకుని, పెరట్లోకి నడిచింది. బిందె ఇదివరకటి కంటే బరువుగా ఏమీ లేదు.

*

రెండు దాటాక గేటు చప్పుడయింది. బాబామియా ముందుగదిలో తస్బీ పూసలు తిప్పుతూ కునుకు తీస్తున్నాడు. రుఖయ్యా వెళ్లి చూస్తే జమున.

"అన్నకెట్లుంది వదినె?"

గొంతు బొంగురు పోయి ఉంది. పాటలు పాడి పోయిందో, ఇంకెందుకైనా పోయిందో తెలియదు. గేటు తీయకుండానే రుఖయ్యా ఆమెను తేరిపార చూసింది. దూరం నుంచి చూసినప్పుడున్న అందం లేదు. కళ్ల కింద నలుపు, పెదవుల మీద పొక్కులు. ఇంత మామూలు మనిషి కోసమా అన్న చిన్నచూపు పుట్టి, పుట్టిన మరుక్షణమే అది తనకే ఎదురుతిరిగింది. మామూలు మనిషిని చూసుకోవాలంటే ప్రేమ ఇంకా ఎక్కువ కావాలి.

"ఉన్నడు."

"టైఫాయిడ్ అన్నడట గద బాబామియా చాచా. శిబిరంల అందరు అడుగుతున్నరు. టైఫాయిడైతే పదిదినాలల్ల లేస్తడని అక్కడి సారయ్యన్న అన్నడు."

మామ పొద్దున్నే ఆ మాట బయటికి వదిలేశాడన్నమాట. రుఖయ్యా ఊరుకుంటే చాలు. జమున వెళ్లిపోతుంది. నాలుగవుతుంది. జీపు వెళ్లిపోతుంది. తను అబద్ధం కూడా ఆడనక్కర్లేదు.

"నీకు ఎన్నో నెల?"

జమున చెయ్యి గేటు ఊచను పట్టుకుంది. ముఖం పాలిపోయింది.

"అన్న చెప్పిండా?"

"ఆయనకు నువ్వు చెప్పినవా?"

"నేను ఎవ్వలకు చెప్పలే వదినె. మూడు నెలలు నిండెదాక నోరిప్పొద్దని మా యాడి ఒట్టు పెట్టించింది." తల్లిని తండాలో యాడి అంటారు. "మా ఆయనకు గూడ చెప్పలే. చెప్తే మా అత్తకు చెప్తడు, ఆమె నన్ను గడప దాటనియ్యది. ఒకనాడు పాట నడుమల కండ్లు తిరిగి పడ్డ. అన్న పట్టుకున్నడు. పక్కకు కూసోబెట్టి నీళ్లిచ్చిండు. నేను చెప్పకముందే ఆయనకు సమజైంది."

"ఎట్ల సమజైంది?"

"మా ఇంట్ల గూడ గిట్లనే అయింది, నేనే సూడలే అన్నడు." జమున తల వంచుకుంది. "దవాఖాన్ల నర్సు నెల అడిగితే నాకు తెల్వలే, ఆ నొప్పిల ఆమెనే చెప్పుకున్నది, ఆ దినం నుంచి మా రుఖయ్యా ముఖం సూడాలంటే భయమైతున్నది అన్నడు. ఏడ్చిండు వదినె. అందుకే రోజు డబ్బల సగం నాకు పెట్టిండు. నేను వద్దంటే, నీకు కాదు అన్నడు."

రుఖయ్యా గేటు గడియ తీసింది. ఎందుకు తీసిందో తెలియదు. జమున లోపలికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. రుఖయ్యా ఆమె పక్కనే కూర్చుంది, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా.

ఇంకొక ఆడదైతే ఈ మాటకు చల్లబడేది. అతను జమునకు పెట్టిన ముద్దలన్నీ నిజానికి తనకే పెట్టాడు. తన కోసమే ఏడ్చాడు. ఇంతకంటే ఏం కావాలి?

కానీ రుఖయ్యా లోపల రగులుతున్నది చల్లారకపోగా, ఆ మాటతో పూర్తిగా అంటుకుంది. అన్నం పంచితే పంచాడు. నెల గుర్తుపెట్టుకుంటే పెట్టుకున్నాడు. నేనే సూడలే అన్న ఆ ఒక్క మాట మాత్రం తనది. దవాఖాన నుంచి వచ్చిన రాత్రి గోడ వైపు తిరిగి పడుకుని, వెనక నుంచి ఆ మాట వస్తుందని ఎదురు చూసింది. తర్వాత ఎన్ని రాత్రులో చూసింది. చూడటం మానేశాక అది వచ్చింది. శిబిరంలో, జంపఖానా మీద, ఈ పిల్ల చెవిలోకి వచ్చింది. తనకు రావలసిన మాటను ఈమె ముందుగా విన్నది. ఇప్పుడు అతను దవాఖాన నుంచి లేచొచ్చి అదే మాట చెప్పినా అది రెండోసారి చెప్పే మాటే.

"అది టైఫాయిడ్ కాదు" అంది రుఖయ్యా. తన గొంతు తనకే కటువుగా వినిపించింది. "పేపర్ల వస్తున్నదే. స్వైన్ ఫ్లూ. నువ్వు మాత్రలు మింగాలె. పేరు రాస్తెనే ఇస్తరు."

జమున చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి వెళ్లింది. రుఖయ్యా ఆ చేతిని చూసింది. తను కూడా ఒకప్పుడు అలాగే చెయ్యి పెట్టుకునేది, ఎవరూ చూడనప్పుడు.

"నా పేరు రాయకు వదినె."

"ఎందుకు?"

"కాయితం మీద ఉమర్‌తోని కలిసి తిన్నదని రాస్తరు. కడుపుతో ఉన్నదని రాస్తరు. భద్రమ్మ మాత్రలు పట్టుకుని తండాకొస్తది. మొగనికి చెప్పని ముచ్చట గాయనకెట్ల ఎర్కైంది అని మా అత్త అడుగుతది. మహేశ్ అడుగుతడు. నేనేం చెప్పాలె? నాకేం గాదు. గొంతు పాటలకే పోయింది."

ఆమె లేచి వెళ్లిపోయింది. గేటు బయట నిలబడి దగ్గింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. అటు తిరిగి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని.

*

మూడున్నర. రుఖయ్యా అద్దం ముందు నిలబడి తనను తాను లెక్క అడిగింది.

పేరు చెప్పొద్దని మామ అన్నాడు. ఆయనకు శిబిరం పరువు, ఇంటి పరువు. చెప్పొద్దని జమునే అంది. ఆమెకు కాపురం. ఎవరూ తనను తప్పు పట్టరు. రేపు జమునకు ఏమైనా అయితే, ఆమే వద్దన్నది అని ఉమర్‌తో కళ్లలోకి చూసి చెప్పవచ్చు, అది నిజం కూడా. ఇంతమంది ఇన్ని మంచి కారణాలు తెచ్చి తన చేతిలో పెట్టారు. వాటన్నిటి అడుగున తన కారణం ఒకటుంది. అది మంచిది కాదు. దాన్ని చూడటానికి ఎవరికీ కళ్లు లేవు, తనకు తప్ప.

చెబితే మాత్రం? జమున తండాలో నవ్వులపాలవుతుంది. ఆ ఊహలో కూడా ఎక్కడో చిన్న తీపి తగిలింది. చెప్పినా, చెప్పకపోయినా తన అసూయకు తిండి దొరుకుతుంది. దానికి దొరకని దారి ఏదైనా ఉందా అని ఆలోచించింది.

బురఖా వేసుకుని, నోటికి రుమాలు కట్టుకుని ముందుగదిలోకి వచ్చేసరికి బాబామియా కళ్లు తెరిచాడు.

"బయటికి పోవద్దన్నరు గద. ఏడికి?"

"స్కూల్ కాడికి, అబ్బా."

"నాలుగు పేర్లు సాలు" అన్నాడతను. అతని వేళ్ల మధ్య పూస ఆగిపోయింది. "నా మాట ఇంటున్నవా?"

ఆమె చెప్పులు వేసుకుంది. గడప అవతల నిలబడి వెనక్కి తిరిగి చూస్తే, అతను ముసలివాడైపోయినట్టు కనిపించాడు. గల్లీ దాటి స్కూలు వైపు నడిచింది.

స్కూలు వరండాలో భద్రమ్మ మాత్రల డబ్బా కట్టేస్తోంది. జీపు ముందు డ్రైవర్ తుల్సీరాం బీడీ ఆర్పి, తొందర చేస్తున్నాడు. చీకటి పడితే దారిలో ఎన్ని చోట్ల చెట్లు కొట్టి అడ్డం వేస్తారో తెలియదని అతని గొడవ.

"ఒక పేరు ఉన్నది" అంది రుఖయ్యా.

భద్రమ్మ అట్ట తీసింది.

"జమున. కురవి రోడ్డు తండ. మూడో నెల."

భద్రమ్మ తలెత్తి చూసింది. పేరు రాసుకుంది. ఆ పక్కన ఖాళీ గడి ఒకటి ఉంది. ప్రతి పేరుకూ ఎదురుగా ఉంది.

"ఎవలతోని కలిసింది? ఉమర్‌తోనా?"

"నాతోని."

కలం ఆగింది. భద్రమ్మ విసుక్కోలేదు, మెల్లగా చెప్పింది. బీమారి ఉన్న మనిషితో కలిసిన వాళ్లకే మాత్రలనీ, రుఖయ్యాకు బీమారి లేదు కనుక ఆమెతో కలిసిన వాళ్ల పేర్లు రాయడానికి వీల్లేదనీ, ఉమర్‌తో అని చెబితే ఇప్పుడే ఇచ్చేస్తాననీ.

"నాకు గూడ జరం ఉన్నది. నిన్నటి సంది" అంది రుఖయ్యా. "ఆ పిల్ల నా పక్కనే కూసున్నది. కడుపు సంగతి నాకే చెప్పింది. ఆడోళ్ల ముచ్చట."

"జరముంటే ఏమైతదో ఎర్కనా బిడ్డా? ఇంటికి పోనియ్యరు. ఈ జీపులనే వరంగల్ పోవాలె. మీ ఆయన ఉన్నకాడనే పండబెడతరు."

రుఖయ్యా ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించలేదా? తనను తాను నిజాయితీగా అడిగింది. జమునకు మాత్రలు అందాలని ఈ మాట అన్నదా? ఆ గడిలో జమున పేరు పక్కన తన మొగుడి పేరు పడకూడదని అన్నదా? లేక అతని మంచం పక్కన నిలబడి, ఆ మాటను ఈసారి తన ముఖం చూసి చెప్పించుకోవాలని అన్నదా? మూడూ ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. విడదీసే కొద్దీ ముడి బిగుస్తోంది.

"పోత" అంది.

భద్రమ్మ సంచిలోంచి థర్మామీటర్ తీసింది. తుడిచి, నాలుక కింద పెట్టమంది. రుఖయ్యా రుమాలు కిందికి దించి నోరు మూసుకుంది. తుల్సీరాం ఇంజన్ స్టార్ట్ చేశాడు. సెంటరు వైపు నుంచి మైకులో ఎవరో పేర్లు చదువుతున్నారు, రేపటి దీక్షలో కూర్చునే వాళ్ల పేర్లు.

భద్రమ్మ థర్మామీటర్ తీసి వెలుతురుకు పెట్టింది. కళ్లు చికిలించి చూసింది. కొద్దిగా తిప్పి, మళ్లీ చూసింది.

"ఎంతున్నదమ్మా? పోదమా వద్దా?" అన్నాడు తుల్సీరాం.

భద్రమ్మ దూదితో థర్మామీటర్ తుడిచి సంచిలో పెట్టుకుంది. కాగితం మీద జమున ఎదురుగా ఉన్న గడిలో రుఖయ్యా పేరు రాసింది. డబ్బా విప్పి, జమున కోసం ఒక మాత్రల పొట్లం తీసి తన చీర కొంగులో ముడి వేసుకుంది.

"ఎనుక కూసో బిడ్డా. కిటికీ తెరిచి పెట్టుకో."

రుఖయ్యా జీపెక్కింది. ఎంత ఉందని అడగలేదు.